పాత అంబాసిడర్‌ని బాగుచేయించాలంటే ఎంతవుతుంది? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు లెక్క కట్టుకునే పద్ధతి

బరంపురంలోనో, పర్లాకిమిడిలోనో, రాయగడలోనో మీ పెరట్లో టార్పాలిన్ కింద తాతగారి అంబాసిడర్ ఉందనుకుందాం. దాన్ని మళ్లీ కొత్తదానిలా చేయించాలని మనసు పడగానే అందరూ ఫోన్ చేసి అడిగేది ఒకటే: ‘మొత్తం ఎంతవుతుందండీ?’ బండిని చూడకుండా ఫోన్లో చెప్పే అంకె రెండు లక్షలైనా పది లక్షలైనా దాన్ని పట్టుకుని ముందుకెళ్లకండి. ఖర్చు తేలేది ఇంజిన్ దగ్గర కాదు, రంగు దగ్గర అసలే కాదు. రంగు కింద రేకు ఎంత మిగిలిందన్న దాని మీద తేలుతుంది. కాబట్టి ముందు విప్పించాలి, తర్వాత ధర అడగాలి. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేసి, సగం పనిలో డబ్బులు అయిపోయి, విప్పిన బండిని షెడ్డులో వదిలేస్తారు. మీ బండికి ఆ గతి పట్టకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అంబాసిడర్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఈ జిల్లాల్లో పాత కారంటే ఎక్కువగా అదే. ప్రీమియర్ పద్మినికీ, స్టాండర్డ్ హెరాల్డ్‌కీ, మహీంద్రా జీపుకీ లెక్క కట్టే తీరు ఇదే. విడిభాగాలు దొరికే ఊళ్లు మాత్రం మారతాయి.

ముందు: బండి దేనికో తేల్చుకోండి

మూడు దారులున్నాయి. ఒకటి, బండి నడిస్తే చాలు: బ్రేకులు, ఇంజిన్, వైరింగ్, టైర్లు. రెండు, పండక్కి, పెళ్లికి ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగేలా శుభ్రంగా ఉండాలి: పై పనులతో పాటు రేకుపని, రంగు, సీట్లు. మూడు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉండాలి: మీటర్ల మీది అక్షరాలు, సీటు గుడ్డ నేత, బోల్టు తలలు కూడా ఆనాటివే కావాలి. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఖర్చు రెట్టింపు దాకా పోవచ్చు. మూడో దారిలో దొరకని చిన్న సామాన్ల కోసం వెతుకులాటకే బోలెడు డబ్బూ కాలమూ పోతాయి. మన వాతావరణంలో వాడుకునే బండికి రెండో దారి సరిపోతుందని నా అభిప్రాయం. మీది తొలినాళ్ల మార్క్ 1 అయి, పెద్దగా మార్పుల్లేకుండా మిగిలి ఉంటే మాత్రం మూడో దారి గురించి ఆలోచించండి. అలాంటివి ఇక రావు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మేలోనే ఆగిపోయింది.

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఏ దారో ఒక కాగితం మీద రాసుకోండి. పని మధ్యలో ‘ఇంత పెట్టాం కదా, ఏసీ కూడా పెట్టిద్దాం’ అనే మాట వస్తుంది. ఆ కాగితం అప్పుడు పనికొస్తుంది.

రూపాయి తీసే ముందు కాగితాలు

ఇది సరిహద్దు జిల్లాల వాళ్లకు మిగతావాళ్లకన్నా ఎక్కువ చిక్కు. బండి శ్రీకాకుళంలో రిజిస్టరై ఉంటుంది, ఇల్లు పర్లాకిమిడిలో ఉంటుంది, ఆర్‌సీ బుక్కులో పేరు కాలం చేసిన తాతగారిది ఉంటుంది. బండి మీద లక్షలు పోసిన తర్వాత ఈ ముడి విప్పడం మొదలుపెడితే నిద్ర పట్టదు.

ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోతున్నాయో లేదో ముందు చూడండి. మన ప్రాంతంలో చాలా అంబాసిడర్లకు, ముఖ్యంగా ట్యాక్సీగా తిరిగినవాటికి, మధ్యలో పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టారు. ఆర్‌సీలో ఇప్పటికీ పెట్రోలు అనే ఉంటే అది పరిష్కరించాల్సిన మొదటి సంగతి. యజమాని చనిపోయి ఉంటే వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31. బండి ఆంధ్ర నంబరుదై, మీరు ఒడిశాలోనే ఏడాదికి మించి ఉంచుకుంటే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. దానికి పాత ఆర్‌టీఓ నుంచి ఫారం 28తో అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ రోడ్డు పన్ను కట్టాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ‘పదిహేనేళ్లు దాటితే తుక్కుకే’ అన్న మాట ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న నిషేధం నుంచి పుట్టింది, మన జిల్లాలకు అది వర్తించదు. అయితే రుసుము పెరిగింది: 2025 ఆగస్టు సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన కారుకి రెన్యువల్ రుసుము 10,000 రూపాయలు. గడువు దాటిపోయి ఉంటే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము, పాత పన్ను బాకీలు అదనం. ఆర్‌టీఓ ఆఫీసులో మొత్తం ఎంతో రాయించుకుని, ఆ అంకెను బండి ఖర్చులో మొదటి పద్దుగా వేయండి.

బండికి తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండితే ఇంకో దారి ఉంది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, మళ్లీ చేయించడానికి 5,000, చెల్లుబాటు పదేళ్లు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కానీ రెండు షరతులు జాగ్రత్తగా చదవండి. ఛాసిస్‌లోగాని బాడీలోగాని ఇంజిన్‌లోగాని పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. వింటేజ్ నంబరు వచ్చాక బండిని రోజువారీ తిరుగుళ్లకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు లాంటి వాటికే అనుమతి. నెలకోసారి గోపాల్‌పూర్ బీచికి పిల్లల్ని తీసుకెళ్లాలనుకునేవాళ్లకి ఈ నంబరు వద్దు, మామూలు ఐదేళ్ల రెన్యువలే మేలు. ఈ నిర్ణయం ఇప్పుడే చేయాలి. వింటేజ్ నంబరు కావాలనుకుంటే ఇంజిన్ మార్చే ఆలోచన మొదట్లోనే మానుకోవాలి గనక.

ఇంటి దగ్గరే మీరు చేయగలిగిన పరీక్ష

ఒక చిన్న అయస్కాంతం, పలచటి గుడ్డ, పాత స్క్రూడ్రైవరు, టార్చిలైటు తీసుకోండి. అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, డిక్కీ చుట్టూ మెల్లగా జరపండి. ఎక్కడ పట్టు జారుతుందో అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. చెద పట్టిన తలుపులాగే పైన రంగు నిగనిగలాడుతుంది, లోపల డొల్ల.

తర్వాత కింద పడుకుని చూడాలి. అంబాసిడర్‌కి లారీలా విడి ఛాసిస్ ఉండదు. బాడీయే బరువంతా మోస్తుంది. అందుకే తలుపుల కింద పొడుగునా వెళ్లే పట్టీలు, నేల రేకు, జాకీ పెట్టే చోట్లు తుప్పు తింటే అది అందచందాల సమస్య కాదు, బండి బలం సమస్య. ముందు చక్రాల బరువు టార్షన్ బార్ల (స్ప్రింగుల్లా మెలితిరిగే ఉక్కు కడ్డీల) మీద నిలుస్తుంది, వాటి వెనక కొసలు నేల కింద అడ్డపట్టీకి బిగిసి ఉంటాయి. ఆ చోట స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిందంటే మీ బడ్జెట్ అక్కడే మారిపోయింది. వెనక కమాన్ కట్టలు బిగించిన చోట్లు, డిక్కీలో స్టెప్నీ కింద గుంట కూడా అలాగే పొడిచి చూడండి.

సముద్రానికి దగ్గరగా ఉన్న బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం బండ్లకీ, కొండ మీది కోరాపుట్, జయపురం బండ్లకీ తుప్పులో తేడా కనిపిస్తుంది. ఉప్పుగాలి రేకు సందుల్లో చేరి లోపలి నుంచి తింటుంది. 2013 ఫైలిన్, 2018 తిత్లీ తుపాన్లలో బండి నీళ్లలో నిలబడిందా అని ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. సీటు కింద, డ్యాష్‌బోర్డు వెనక బురద చార కనిపిస్తే వైరింగంతా కొత్తది, గేరుబాక్సు విప్పకతప్పదు, డైనమో, సెల్ఫ్ మోటారు కూడా చూపించాలి అని రాసుకోండి.

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్‌ని బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో కాస్త నూనె పోసి ఒకట్రెండు రోజులు వదిలేసి, హ్యాండిల్‌తో చేత్తో తిప్పించండి. తిరిగితే మెకానిక్‌తో కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) చూపించండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే ఇంజిన్ విప్పాల్సిందే. పెట్రోలు అంబాసిడర్లలో ఎక్కువగా కనిపించే 1489 సీసీ ఇంజిన్ మొండిది, విప్పి కట్టడం మన మెకానిక్‌లకు చేయి తిరిగిన పని. దాని గురించి ఎక్కువ దిగులు పడకండి. దిగులు పడాల్సింది రేకు గురించి.

షెడ్డు ఎంచుకోవడం, బండి తరలించడం

మంచి రేకుపని మేస్త్రీ మీ ఊళ్లోనే దొరికితే అదృష్టం. లేకపోతే విశాఖ, భువనేశ్వర్, ఇంకా దూరమైతే కోల్‌కతా, హైదరాబాద్. షెడ్డుకి వెళ్లినప్పుడు పూర్తయిన బండి కాదు, సగం విప్పిన బండి చూపించమనండి. రేకు అతికిన చోట అతుకు మీద అతుకు వేశారా, పాడైన ముక్క కోసి అదే గేజీ (మందం) రేకు పెట్టి సీఓటూ గ్యాస్ వెల్డింగ్ చేశారా అన్నది అక్కడే తెలుస్తుంది. రివెట్లు కొట్టి పుట్టీ పూసే షెడ్డు ఎంత తక్కువకి చేస్తానన్నా వద్దు.

దగ్గరి షెడ్డుకో లాభముంది: వారం వారం వెళ్లి చూసుకోవచ్చు. రాయగడ నుంచి విశాఖకి, బరంపురం నుంచి భువనేశ్వర్‌కి మీరు తిరిగే ఖర్చు కూడా బండి ఖర్చే. బండిని మాత్రం నడిపించి తీసుకెళ్లకండి, తాడు కట్టి లాగించకండి. జయపురం, కోరాపుట్ వైపు నుంచి సాలూరు ఘాట్ దిగాలంటే ఆగిపోయిన బ్రేకు సిలిండర్లతో ప్రాణాల మీదికి వస్తుంది. ఫ్లాట్‌బెడ్ రికవరీ వ్యాన్ మాట్లాడండి. రానూపోనూ కిరాయి ముందే తేల్చుకోండి, చాలాసార్లు ఖాళీగా వెనక్కెళ్లే దూరానికీ అడుగుతారు.

విప్పించి, తర్వాత ధర అడగండి

అసలైన మెట్టు ఇదే. షెడ్డువాళ్లతో మొదటి ఒప్పందం బండి బాగుచేయడానికి కాదు, విప్పి చూడటానికి. సీట్లు, అద్దాలు, బీడింగులు, కార్పెట్ తీసి, అనుమానమున్న చోట్ల రంగు రేకు దాకా దింపి, ఏమేం మార్చాలో ఫొటోలతో జాబితా ఇవ్వాలి. దీనికి విడిగా డబ్బు తీసుకోమనండి. ‘ఉచితంగా చూస్తాం’ అనేవాళ్లు పైపైన చూస్తారు. ‘మేస్త్రీగారూ, నేల రేకు ఎంతమేర మార్చాలి?’ అని మీరడిగితే ‘పెయింటు దింపితేగాని చెప్పలేనండి’ అన్న మనిషి నిజం చెబుతున్నాడు. అతనికి పని ఇవ్వండి.

విప్పిన ప్రతి సామానుకీ చీటీ కట్టి, బోల్టులు విడివిడి సంచుల్లో వేయించండి. తలుపు హ్యాండిళ్లు, గ్రిల్లు, మీటర్లు, బ్యాడ్జీలు ఫొటో తీసి, వీలైతే ఇంటికి తెచ్చేసుకోండి. షెడ్డుల్లో ముందు మాయమయ్యేవి ఇవే, మళ్లీ కొనాలంటే ఖరీదైనవీ ఇవే.

జాబితా చేతికొచ్చాక ధరను సామాన్లలో కాక గంటల్లో అడగండి. ఉదాహరణకి మధ్యరకంగా తుప్పు పట్టిన అంబాసిడర్‌ని రెండో దారిలో చేయిస్తున్నామనుకుందాం. రేకుపని 400 గంటలు, రంగుకి ముందు సాపు చేయడం, రంగు కలిపి 200, ఇంజిన్, గేరుబాక్సు, బ్రేకులు, సస్పెన్షన్ 120, వైరింగ్ 50, సీట్లు, రూఫ్ లైనింగ్ 60, తిరిగి బిగించడం 150. మొత్తం 980 గంటలు. గంటకి 300 అయితే మజూరీయే 2,94,000. పెద్ద నగరపు షెడ్డులో గంటకి 600 అయితే అదే పని 5,88,000. ఈ అంకెలు లెక్క ఎలా నడుస్తుందో చూపడానికే, మీ బండి గంటలు మీ జాబితా నుంచే రావాలి. ఇప్పుడు రేకుపని 400 కాక 600 గంటలని తేలితే చూడండి: మొదటి షెడ్డులో 60,000, రెండోదాంట్లో 1,20,000 పెరిగింది. ఇంజిన్ మొత్తం కట్టించినా ఒక్క దెబ్బతో ఇంత తేడా రాదు.

సామాన్లు, రంగు, క్రోమ్, సీటు గుడ్డ కలిపి 2,40,000 అనుకుంటే మొదటి షెడ్డులో 5,34,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 96,120. అంటే 6,30,120. దీనికి పావు వంతు, అంటే లక్షన్నర పైచిలుకు, విడిగా బ్యాంకులో ఉంచాలి. అది ఖర్చవదని అనుకోకండి, అవుతుందనే అనుకోండి. అలా చూస్తే మీరు సిద్ధం చేసుకోవాల్సింది ఎనిమిది లక్షల దగ్గర. అమ్మితే మామూలు అంబాసిడర్‌కి ఆ డబ్బు తిరిగి రావడం కష్టం. ఇంటి బండి అన్న మమకారం ఉంటేనే దిగండి. లాభానికైతే దిగకండి.

బండి నడిస్తే చాలన్న మొదటి దారిలో ఇందులో రేకుపని, రంగు, సీట్ల గంటలు చాలావరకు తగ్గిపోతాయి. కానీ బలాన్నిచ్చే పట్టీలు, టార్షన్ బార్ల చోటు పాడై ఉంటే ఆ గంటలు ఏ దారిలోనైనా తప్పవు.

సామాన్లు

అంబాసిడర్ సామాన్లకి మనం మంచి చోటే ఉన్నాం. కోల్‌కతా మల్లిక్ బజార్ నుంచి హౌరా–చెన్నై లైను మీద బరంపురానికి పార్సిల్ తెప్పించుకోవచ్చు. ఇటు విశాఖ, విజయవాడ ఆటోనగర్లు ఉన్నాయి. పద్మిని సామాన్లకి ముంబై వైపు అడగాలి. ఇంజిన్ సామాన్లు కొనే ముందు లేత్ వర్క్‌షాపులో కొలతలు తీయించండి. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) ఇప్పటికే ఎంత పెంచారో, క్రాంక్ ఎన్నిసార్లు గ్రైండ్ చేశారో తెలియకుండా పిస్టన్లు, బేరింగులు కొంటే సైజు తప్పుతుంది. బోరు ఇక పెంచలేనంత పెరిగిపోయి ఉంటే స్లీవులు వేయించాలి, అది విడి పద్దు.

రబ్బరు సామాన్లన్నీ కొత్తవి వేయండి. పెట్రోలు గొట్టాలూ పంపు డయాఫ్రమూ ఇథనాల్‌ని తట్టుకునే రకం అడగండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, పాత గొట్టాలు దానికి ఉబ్బి చీలిపోతాయి. బంపర్లకి రాగి, నికెల్, క్రోమ్ మూడు పూతలూ వేసే చోటికే ఇవ్వండి. రాగి పూత మానేస్తే మన తేమకి త్వరగా బుడిపెలు వస్తాయి.

రంగు కాలం చూసి

జూన్ నుంచి అక్టోబరు దాకా తీరంలో రంగు వేయించకండి. గాల్లో తేమ ఎక్కువగా ఉంటే పాతకాలపు నైట్రో సెల్యులోజ్ రంగు తెల్లగా పాలిపోయినట్టు అయిపోతుంది. బయటికి తీసిన రేకు ఒక్క రాత్రిలోనే ఎర్రబారుతుంది, దాని మీదే ప్రైమర్ కొడితే ఏడాదిలో పొక్కులు. రేకు తేలిన రోజే ఎపాక్సీ ప్రైమర్ వేయాలని ఒప్పందంలో రాయించండి. పని వేసవిలో మొదలుపెట్టి, వానల్లో ఇంజిన్, వైరింగ్ చేయించి, నవంబరు–ఫిబ్రవరి మధ్య రంగుకి రోజులు పెట్టుకుంటే సరిగ్గా కుదురుతుంది. మన షెడ్డుల్లో గాలి వడపోసే పెయింట్ బూత్ లేకపోతే రంగుకి మాత్రం బండిని బూత్ ఉన్న చోటికి పంపించడం దండగ కాదు.

రంగు పూర్తయ్యాక నేల కింద, తలుపుల లోపల, పట్టీల లోపల తుప్పు నిరోధక మైనం కొట్టించండి. ఇది చాలా కొటేషన్లలో ఉండదు. అడిగి చేర్పించండి.

ఒప్పందం, డబ్బు కట్టే తీరు

మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వొద్దు. పనిని మెట్లుగా విడగొట్టండి: విప్పడం, రేకుపని, ఇంజిన్ పనులు, రంగు, బిగింపు. ఒక్కో మెట్టు చూసి, ఫొటోలు తీసుకుని, తర్వాతి మెట్టుకి అడ్వాన్సు ఇవ్వండి. రేకుపని అయ్యాక పుట్టీ పెట్టకముందు మీరు స్వయంగా వెళ్లి చూడాలి. ఆ రోజు పోతే ఇక చూడటానికి ఏమీ ఉండదు. జాబితాలో లేని కొత్త పని దేనికైనా మీ రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా చేయకూడదని రాయించండి, వాట్సాప్ సందేశమైనా చాలు.

ఇటువైపు షెడ్డుల్లో మేస్త్రీ ఒడియా మనిషి కావచ్చు. మాట్లాడుకోవడానికి భాష అడ్డం కాదు, ‘భాయినా’ (అన్నా) అని పిలిస్తే పని సాగిపోతుంది. కాగితం మాత్రం ఇద్దరూ చదవగలిగే భాషలో ఉండాలి. ఇంట్లో డబ్బు పెట్టే నాన్నగారికి తెలుగే వస్తే తెలుగులో ఒక ప్రతి రాయించి రెండింటి మీదా సంతకాలు తీసుకోండి.

బిల్లులన్నీ దాచండి. ఐదేళ్లు దాటిన బండికి బీమా విలువ మీరూ కంపెనీ కలిసి ఒప్పుకునే అంకె. బిల్లులు, పని ఫొటోలు, సర్వేయర్ రిపోర్టు ఉంటేనే మీరు పెట్టిన డబ్బుకి దగ్గరగా అడగగలరు. అవి లేకపోతే తుక్కు ధరకి రాస్తారు.

బండి తీసుకునే రోజు

పగటి వెలుగులో వెళ్లండి. రంగు నీడలో బాగానే కనిపిస్తుంది, ఎండలో అలలు తెలుస్తాయి. తలుపుల చుట్టూ సందు సమానంగా ఉందా, నాలుగు తలుపులూ తోయకుండా పడుతున్నాయా చూడండి. సందు పైన వెడల్పుగా కింద ఇరుకుగా ఉంటే నేల రేకు మార్చేటప్పుడు బాడీ వంగకుండా ఊతలు పెట్టలేదని అర్థం, అది అప్పుడే అడగాలి. బకెట్లతో నీళ్లు పోయించి అద్దాల బీడింగుల దగ్గర, డిక్కీలో కారుతుందేమో చూడండి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని కనీసం ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. బ్రేకు కొడితే ఏ పక్కకి లాగుతోందో గమనించండి. పాత మోడళ్లకి నాలుగూ డ్రమ్ బ్రేకులే కాబట్టి సర్దుబాటు సమంగా లేకపోతే లాగుతుంది, సర్దితే పోతుంది.

ఇంజిన్ కట్టించి ఉంటే మొదటి 500 కిలోమీటర్లకి ఆయిల్ మార్పించి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించి, వాల్వుల సందు చూడాలి. ఈ పని ధరలో కలిసే ఉందని బాకీ కట్టేముందే రాయించుకోండి. చివరి పది శాతం డబ్బు ఆ సర్వీసు అయ్యాకే ఇస్తామని మొదటి రోజు ఒప్పందంలోనే పెడితే ఇద్దరికీ మాట పట్టింపు రాదు.